నడుస్తున్న బండి మీది చెరుకు

మొన్న మా మనవరాలు బజారు నుంచి చెరుకు ముక్కలు తెచ్చింది. తొక్క తీసి, సమానంగా కోసి, తెల్లటి అట్ట పళ్లెంలో పేర్చి, పైన ప్లాస్టిక్ పొర చుట్టిన ముక్కలు. మందుల దుకాణంలో పెట్టి అమ్మినా ఎవరికీ అనుమానం రాదు, అంత శుభ్రంగా ఉన్నాయి. వాటిని నా ముందు బల్ల మీద పెట్టి, ఫోను చూసుకుంటూ లోపలికి పోయింది. నేను చెయ్యి చాపాను. మళ్లీ వెనక్కి తీసుకుని, "ఇవి తీసుకోవచ్చునా?" అని కేకేశాను. లోపలి నుంచి నవ్వు వినిపించింది. "మనింట్లో మన బల్ల మీద ఉన్నవి అడిగి తీసుకుంటావా నానమ్మా?" అంది. నిజమే, అడగాల్సిన ప్రశ్న కాదు. కానీ అది నా ప్రశ్న కాదు, మా నాన్నది, మా బాపుది. ఆయన నుంచి నాకు వచ్చిన ఆస్తిలో పొలం కన్నా అదే ఎక్కువ కాలం నిలిచింది. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే పట్నం చూడటానికి పోయిన రోజు సంగతి చెప్పాలి. ఆ రోజు తలుచుకుంటే ఈ వయసులో కూడా నా చెవులు వేడెక్కుతాయి.

మాది బోధన్ పక్క పల్లె. మా చుట్టూ చెరుకే. ఇంటి వెనక చెరుకు, బడి వెనక చెరుకు, వాకిట్లో నిలబడితే చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం, గాలి ఇటు తిరిగితే ఊరంతా ఉడుకుతున్న బెల్లపు వాసన. ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు మొదలైందంటే మా రోడ్డు మీద తెల్లారింది మొదలు ఎడ్లబండ్ల వరసే. మీరు ఎప్పుడూ చూసి ఉండకపోతే చెప్తాను, చెరుకు బండి అంటే బండి కనపడదు. పచ్చటి మోపు ఒకటి తనంతట తాను నడిచి వస్తున్నట్టు ఉంటుంది, ముందు రెండు ఎడ్ల తలకాయలు తప్ప. ఆ బండి మీది నుంచి ఒక గడ గుంజుకోవడం మా దిక్కున అందరికీ ఉన్న హక్కు. ఎవరి చెరుకు అని అడగరు, ఎవరు గుంజారు అని చూడరు. అయితే దానికి మర్యాదలు ఉన్నాయి. బండి నడుస్తూ ఉండాలి, వెనక నుంచే గుంజాలి, మనిషికి ఒక్క గడే. ఆగిన బండి మీద చెయ్యి వేస్తే మాత్రం అది దొంగతనం. బండి తోలే మనిషికీ ఒక మర్యాద ఉంది: వెనక గరగర చప్పుడైనా తల తిప్పి చూడకూడదు. చూశాడంటే వాడు పిసినారి అని ఊరూరా పేరు పడుతుంది. గుంజుకున్న గడను ఒంటరిగా తినకూడదు కూడా. మోకాలికేసి విరిచి పక్కనున్నవాళ్లకు సగం ఇవ్వాలి. మా బాపు ఇదంతా ఎంత పద్ధతిగా చేసేవాడంటే, ఆయన గుంజుతుంటే మోపులో ఇంకో గడ కదిలేది కాదు.

బాపు సేద్యగాడు. పొడుగ్గా, నల్లగా, నెత్తిన తెల్ల రుమాలుతో, కాళ్లకు కిర్రు చెప్పులతో వస్తుంటే వీధి మొగ మీదనే తెలిసేది. ఆయనకు ఒకటే కోరిక, నేను చెరుకు ఇంటికి కోడలుగా పోవద్దని. చెరుకు ఆకు అంచు ఎలా కోస్తుందో కోసుకున్నవాళ్లకే తెలుసు. మా అవ్వ, అంటే మా అమ్మ, చేతుల మీద మోచేతి దాకా సన్నటి గీతలు, ఏ కాలమైనా మానేవి కావు. సాయంత్రం పూట అవ్వ ఆ గీతలకు పసుపు, నూనె రాసుకుంటుంటే బాపు అటు చూసేవాడు కాదు. నేను బోధన్‌లో హైస్కూలు చదువు ముగించాక ఆయన ఒకటే పట్టుపట్టాడు. "నా బిడ్డ పట్నంల ఉండాలె. నల్లా నీళ్లు, కరెంటు పొయ్యి. చెరుకు బజార్ల కొనుక్కోని తినాలె." పాపం, చెరుకు బజార్ల అన్న ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది.

పంతొమ్మిది వందల డెబ్బై దాటిన తొలి ఏళ్లలో ఒక సంబంధం కుదిరేలా కనపడింది. అబ్బాయి హైదరాబాదులో ఏదో సర్కారు ఆఫీసులో గుమాస్తా. తండ్రి అంతకన్నా పెద్ద గుమాస్తా. మాకు నచ్చిన సంగతి ఏమిటంటే ఆ తండ్రి పుట్టింది మా దిక్కే, వర్ని అవతల కాలువ కింది పల్లెలో. చిన్ననాడే చదువుకని పట్నం పోయి అక్కడే ఉండిపోయాడు. మా దిక్కు మనిషి అంటే మా మర్యాద తెలిసిన మనిషని బాపు మురిసిపోయాడు. ఆయన దగ్గర నుంచి కబురు వచ్చింది: పిల్లను చూడటానికి మేము రావడం, మీరు చాప పరచడం, ఆ తతంగమంతా పాతబడింది, మీరే ఒక రోజు రండి, అందరం కలిసి పట్నం తిరుగుదాం, పిల్లలు ఒకరినొకరు చూసుకుంటారు, మీకు ఊరు చూసినట్టూ ఉంటుంది. అవ్వకు ఇది బొత్తిగా నచ్చలేదు. "కూసోవెట్టి సూస్తె కనవడని పిల్ల రోడ్ల మీద తిప్పితె కనవడ్తదా?" అంది. బాపు మాత్రం కొత్త ధోవతి కొన్నాడు. ఇంత బెల్లం ముద్ద, ఇన్ని పసుపు కొమ్ములు మూట కట్టాడు. నాకు ముదురు నీలం చీర, చిన్నమ్మ దగ్గర అడిగి తెచ్చిన చేతి గడియారం. ఆ గడియారం నడవదని అవ్వ దారిలో చెప్పింది.

బోధన్ నుంచి నిజామాబాదు, అక్కడ బండి మారి తెల్లారేసరికి కాచిగూడ. స్టేషన్లో తండ్రి, కొడుకు, తల్లి ముగ్గురూ నిలబడి ఉన్నారు. ముందుముందు నేను మామ అని పిలవబోయే ఆయన సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉన్నారు. మాట కూడా ఇస్త్రీ చేసినట్టే. "ప్రయాణం సుఖంగా జరిగిందా బావగారూ?" అన్నారు. మా దిక్కు యాస ఎక్కడా లేదు. అది చూసి బాపు ఇంకా మురిసిపోయాడు, ఆ మాటలాగే నా బతుకు కూడా సాపు అవుతుందనుకున్నాడేమో. అబ్బాయిని నేను సరిగా చూడలేదు. చూసినంతలో చెవులు కాస్త పెద్దవి అనిపించాయి. ఆ చెవులతోనే తర్వాత ఎన్నో ఏళ్లు కాపురం చేశాను, వినాల్సినవి మాత్రం వినేవాడు కాదు. అది వేరే కథ.

మామ మాకు పట్నాన్ని తానే కట్టించినట్టు చూపించారు. మొదట రెండంతస్తుల బస్సు ఎక్కించారు. పై అంతస్తులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. చెట్ల కొమ్మలు అద్దానికి తగిలి పోతుంటే అవ్వ ప్రతిసారీ తల వంచేది. బాపుకు మాత్రం భలే నచ్చింది. "ఎవలి మిద్దె మీద ఏం ఆరవెట్టిండ్రో అంత కనవడుతున్నది" అని సంతోషించాడు. తర్వాత మూసీ ఒడ్డున మ్యూజియం. లోపల ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఆ నిశ్శబ్దంలో బాపు కిర్రు చెప్పులు ఒక గది నుంచి ఇంకో గదికి మమ్మల్ని ప్రకటిస్తూ పోయాయి. ఎన్ని కత్తులు, ఎన్ని పింగాణీ గిన్నెలు, ఎన్ని కుర్చీలు. ఒక నవాబు ఇన్నిటి మీద ఎప్పుడు కూర్చునేవాడని అవ్వ అడిగితే మామ తేదీలు చెప్పారు. పలచటి మేలిముసుగు కప్పుకున్న పాలరాతి బొమ్మ దగ్గర జనం ఆగి ఆగి చూస్తున్నారు. రాతిలో ముసుగు, ముసుగులోంచి ముఖం. అవ్వ చాలాసేపు చూసి, "పాపం, తడిబట్టల మీదనే నిలవెట్టిండ్రు పోరిని" అంది. అబ్బాయి నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నాకు ఆ నవ్వు నచ్చింది. ఎగతాళి లేని నవ్వు.

బాపుకు ఒక అలవాటు ఉండేది, ఏది చూసినా చేత్తో తట్టి చూడటం. ఎద్దునైనా, తలుపునైనా, మనిషినైనా. ఒక చందనపు పెట్టెను అలా తట్టబోతే కాపలా మనిషి దూరం నుంచి, "హాథ్ మత్ లగావ్!" అన్నాడు. బాపు చెయ్యి వెనక్కి తీసుకుని రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు. మ్యూజియం అయిపోయేదాకా అలాగే నడిచాడు, తనను తాను పట్టుకున్నట్టు. గడియారం దగ్గర మాత్రం మళ్లీ హుషారొచ్చింది. అక్కడ గంట కొట్టే వేళకు చిన్న బొమ్మ మనిషి ఒకడు తలుపు తీసుకుని బయటికి వస్తాడు, గంట కొట్టి పోతాడు. దానికోసం జనమంతా ముందే వచ్చి బెంచీల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. బొమ్మ వచ్చింది, కొట్టింది, పోయింది. "గింతేనా?" అన్నాడు బాపు. "మా ఫ్యాక్టరీ సైరను మూడూర్లకు ఇనవడ్తది. దాన్ని సూడనీకి ఒక్కడు రాడు." మామ కూడా నవ్వారు. అప్పటికి రోజు మంచిగా నడుస్తోంది. వాళ్లకు మేము నచ్చుతున్నామని తెలుస్తూనే ఉంది. అబ్బాయి తల్లి నా పక్కన నడుస్తూ నా అరచేయి తీసుకుని చూసి, "నువ్వు పొలం పని చేయలేదు కదూ" అంది. బాపు ఆ మాట విన్నాడు. ఆయన మొహం వెలిగింది. ఆ మాట కోసమే ఆయన ఇన్నేళ్లు నన్ను చేను గట్టు దిగనివ్వలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. ఎండ వాలాక చార్మినార్ దగ్గరి ఇరానీ హోటల్లో చాయ్ తాగడానికి కూర్చున్నాం. పాలరాతి బల్లలు, గోడకు పెద్ద అద్దాలు. మేం ఏమీ అడగకముందే పిల్లవాడొకడు ఒక పళ్లెం నిండా బిస్కెట్లు, సమోసాలు, తీపి రొట్టెలు తెచ్చి బల్ల మధ్యలో పెట్టి పోయాడు. బాపు ఆ పళ్లెం వంక అనుమానంగా చూశాడు. ఎవరికో తెచ్చింది మా బల్ల మీద పెట్టాడని ఆయన అనుకున్నాడు. మామ పళ్లెం ఆయన వైపు జరిపి, "ఇక్కడ అడగనక్కర్లేదు బావగారూ, కావలసినది తీసుకోవడమే" అన్నారు. ఎన్ని తిన్నామో చూసుకుని పోయేటప్పుడు గల్లా దగ్గర డబ్బులు కడతారన్న ముక్క చెప్పలేదు. మేము లేచేసరికి ఆయన ముందే పోయి కట్టేసి వచ్చారు, అతిథుల ముందు డబ్బులు తీయడం మర్యాద కాదని. బాపు రెండు బిస్కెట్లు తిని, చాయ్‌ని సాసర్లో పోసుకుని తాగి, చాలా తృప్తిగా, "అయితె పట్నం గూడ మా లెక్కనే ఉన్నది" అన్నాడు. పొద్దుటి నుంచి వీపు వెనక ఉన్న చేతులు అప్పుడు విడిపోయాయి.

చార్మినార్ ఎక్కడానికి అవ్వ ఒప్పుకోలేదు. కిందనే నిలబడి చూస్తున్నాం. చుట్టూ గాజుల దుకాణాలు, అత్తరు వాసన, రిక్షాల గంటలు, మసీదు ముందు పావురాలు. మామ మినార్ల ఎత్తు, కట్టించిన సుల్తాను సంగతి చెబుతున్నారు. నేను, అబ్బాయి మొదటిసారి పక్కపక్కన నిలబడ్డాం. ఆయన ఏదో అడగాలని, "మీ ఊళ్లో కూడా ఇలాంటివి ఉన్నాయా?" అన్నాడు. "పొగగొట్టం ఉంది" అన్నాను. అంతే మా తొలి సంభాషణ.

అప్పుడు మా పక్క నుంచి తోపుడు బండి ఒకటి పోయింది. దాని నిండా చెరుకు. ఆకు కూడా తీయని పచ్చి చెరుకు, అప్పుడే కొట్టి తెచ్చింది. పొద్దుటి నుంచి ఒక్క తెలిసిన ముఖం కనపడని ఊళ్లో సొంత చుట్టం ఎదురైనట్టు బాపు ముఖం విప్పారింది. బండి నడుస్తోంది. తోసే మనిషి ముందుకు చూస్తున్నాడు. బాపు రెండడుగులు వేసి, వెనక నుంచి, ఎంతో పద్ధతిగా, ఇంకో గడ కదలకుండా ఒక గడ గుంజాడు. మోకాలికేసి టప్పున విరిచాడు. సగం అబ్బాయి చేతికిచ్చాడు. "తిను అల్లుడా" అన్నాడు. ఇంకా ఏ మాటా కాకముందే, అంత సంబరంలో, అల్లుడా అన్నాడు. అబ్బాయి తీసుకున్నాడు.

బండి ఆగింది. ఆ మనిషి ఒక్క గెంతులో వచ్చి బాపు చెయ్యి పట్టుకున్నాడు. "చోర్! దిన్ దహాడే చోరీ!" అని అరిచాడు. పట్టపగలు దొంగతనమని. అరవడం అతని తప్పు కాదు, అతని బతుకు ఆ బండి. బజారు కదా, చూస్తుండగానే జనం గుమిగూడారు. బాపుకు ఉర్దూ బాగా వచ్చు. తహసీల్ కచేరీలో ఎంతమందికో దరఖాస్తులు చదివి చెప్పిన మనిషి. ఆ వేళ ఒక్క ఉర్దూ ముక్క నోటికి రాలేదు. తెలుగులోనే, "నేను దొంగతనం జెయ్యలే. నడిసే బండి మీదికెల్లి తీసిన. నడిసే బండి..." అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. ఎవరికర్థమవుతుంది? చెయ్యి లాగడంలో రుమాలు జారి కింద పడింది. మా బాపును ఉత్త నెత్తితో బజార్లో నేను అప్పుడే చూశాను. నడినెత్తిన అంత బట్టతల ఉందని నాకు తెలియదు. అవ్వ వంగి రుమాలు తీసి, దులిపి, ఆయనకివ్వకుండా గుండెలకు పట్టుకుని నిలబడింది.

నేను మామ వైపు చూశాను. ఆయన పుట్టింది మా దిక్కే కదా, ఒక్క మాట చెబుతారు, ఇదీ సంగతి అని, అంతే కదా కావలసింది. ఆయన మా నుంచి నాలుగు అడుగులు అవతలికి జరిగి ఉన్నారు. చేతులు కట్టుకుని, తల వెనక్కి వాల్చి, మినార్ పై కొస చూస్తున్నారు. ఎవరో యాత్రికుడు ఒంటరిగా వచ్చి చార్మినార్ చూసుకుంటున్నట్టు. ఆ గొడవంతా అయ్యేదాకా ఆయన తల దించలేదు. అబ్బాయే ముందుకొచ్చి బండివాడి చేతిలో ఏదో పెట్టి సర్ది చెప్పాడు. రెండో చెయ్యి మాత్రం వీపు వెనకే ఉంది, అందులో సగం చెరుకు గడ. దాన్ని పారేయనూ లేడు, చూపించనూ లేడు.

నాకు సిగ్గేసింది. బాపును అలా పట్టుకున్నందుకు సిగ్గేసిందని రాస్తే బాగుంటుంది గానీ, ముందు వేసిన సిగ్గు అది కాదు. మా చెప్పుల చప్పుడుకు, మా యాసకు, మా చెరుకుకు, ఆ బట్టతలకు, అన్నిటికీ కలిపి ఒకేసారి సిగ్గేసింది. భూమి మీద నిలబడటమే తప్పనిపించింది. ఆ తర్వాత కూడా రోజు ఆగలేదు, అదీ వింత. వాళ్లు అనుకున్న ప్రకారం లాడ్ బజార్లో గాజుల కొట్టుకు తీసుకెళ్లారు. అబ్బాయి తల్లి నా చేతికి ఎర్రటి గాజులు వేయించింది. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. అంత మర్యాదగా ఎత్తలేదు. బాపు దుకాణం లోపలికి రాలేదు. మెట్టు కింద, జనం రాసుకుని పోతుంటే, చేతులు వీపు వెనక కట్టుకుని నిలబడ్డాడు. తిరుగు బండిలో నిజామాబాదు దాకా కిటికీ పక్కనే కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం అవ్వతో, "నా పోరి సంబంధం నేనే కరాబ్ చేస్తినే" అన్నాడు. నేను నిద్రపోతున్నాననుకున్నాడు.

సంబంధం చెడలేదు. నెల తిరక్కుండానే పిల్ల నచ్చిందని కబురొచ్చింది. పెద్దచెవుల అబ్బాయి పట్టుబట్టాడని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. బాపు ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. పెళ్లి పట్నంలోనే, బాగా జరిగింది. నేను నల్లా నీళ్ల ఇంటికి కాపురానికి వచ్చాను. ఆయన కోరుకున్నదంతా జరిగింది. నా చేతుల మీద ఒక్క గీత లేదు. అందరికీ అన్నీ బాగున్నాయి.

బాపు మమ్మల్ని చూడటానికి వచ్చిన మొదటిసారి గుమ్మం బయట నిలబడి, "బిడ్డా, చెప్పులు గీడ ఇడువచ్చునా?" అన్నాడు. నేను నవ్వాను. లోపలికొచ్చి, "గీ కుర్సీల కూసోవచ్చునా?" అన్నాడు. పరాచికమనుకున్నాను. మధ్యాహ్నం కుండ దగ్గరికి పోయి, గ్లాసు పట్టుకోకుండా, వంటింటి వైపు తిరిగి, "నీళ్లు తాగుదునా బిడ్డా?" అన్నాడు. అప్పుడు నవ్వు రాలేదు. ఆయన పరాచికం ఆడటం లేదు. కూతురి ఇంట్లో, మంచినీళ్లకు, సెలవు అడుగుతున్నాడు. ఎప్పుడొచ్చినా అంతే. దేన్నీ తట్టి చూసేవాడు కాదు. పెట్టినది తినేవాడు, పెట్టనిది చూసేవాడు కాదు. "నీ ఇల్లే కదా బాపూ" అంటే, "అవు బిడ్డా, అడిగితె ఏం పోతది" అనేవాడు. ఎదుటి గదిలో మామ పేపరు చదువుకుంటూ ఉండేవారు. బాపు అడిగినప్పుడల్లా పేపరు కాస్త పైకి లేచేది, ముఖం కనపడకుండా.

కొన్నేళ్లకు మా పెద్దవాడి పుట్టువెంట్రుకలు బాపు ఇంటి దగ్గర తీయించాం. మామ రిటైరయ్యారు, ఆయన కూడా వచ్చారు. చిన్నప్పుడు వదిలిన తర్వాత మా దిక్కుకు రావడం ఆయనకదే మొదలట. సాయంత్రం పూట వియ్యంకులిద్దరూ రోడ్డు మీద నడుస్తుంటే, వెనక నేను పిల్లవాడిని చంకనేసుకుని పోతున్నాను. క్రషింగు రోజులు, బండ్ల వరస. పిల్లవాడు బండి చూసి చెయ్యి చాపాడు, చెరుకు కావాలని ఏడుపు మొదలుపెట్టాడు. బండి మా పక్క నుంచి నెమ్మదిగా పోతోంది. బాపు చెయ్యి అలవాటుగా పైకి లేచింది. మోపు మీదికి పోయినంత పని చేసి ఆగింది. చెయ్యి దించి, ముందుకు పరుగులాంటి నడక నడిచి, "ఓ తమ్మీ, జర బండి ఆపు" అన్నాడు.

బండతను ఎడ్లను ఆపాడు. బాపుకు తెలిసిన మనిషే, పక్క ఊరే. ఏం ఆపద వచ్చిందో అని దిగాడు. బాపు చేతులు వీపు వెనక కట్టుకుని, "మనుమడు ఏడుస్తుండు. ఒక గడ తీసుకోవచ్చునా?" అన్నాడు.

అతని ముఖం ఎర్రబడింది. "గిదేం మాట కాకా? బండి ఆపి అడుగుతవా? నేను ఎన్నడన్న ఎన్కకు తిరిగి సూసిన్నా? నా ఇజ్జత్ తీస్తివి గద!" అన్నాడు. పిసినారి అని పిలిచినట్టయింది అతనికి. మాట్లాడుతూనే మోపులోంచి గడలు గుంజి గుంజి బాపు కాళ్ల ముందు పారేశాడు, చాలు చాలు అంటున్నా వినకుండా. బండెక్కి పోతూ కూడా గొణుగుతూనే పోయాడు. సొంత రోడ్డు మీద, సొంత చెరుకు మధ్య, బాపు మళ్లీ తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. పట్నంలో అడగనందుకు, ఇక్కడ అడిగినందుకు.

నేను మామ వైపు చూశాను, అలవాటు చొప్పున. చూడటానికి ఈసారి మినార్ లేదు. ఆయన రోడ్డు మీద పడి ఉన్న చెరుకు చూస్తున్నారు. అటే చూస్తూ మాట్లాడారు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు, ఇస్త్రీ అంతా పోయి ఉంది.

"బావా, నాకు ఎర్కనే. నడిసే బండిది గుంజుకోవచ్చని నాకు ఆ దినం గూడ ఎర్కనే. చిన్నగున్నప్పుడు నేను గుంజుకున్నోన్నే. సిగ్గైంది బావా. నన్ను గూడ గట్లనే అనుకుంటరని సిగ్గైంది."

బాపు వంగి ఒక గడ తీసుకున్నాడు. దాని ఆకు తీస్తూ, తల ఎత్తకుండా, "నీకు ఎర్కనని నాకు గూడ ఎర్కనే బావా" అన్నాడు. "నువ్వు మా దిక్కోనివే గద."

ఆ మాట నాకు దెబ్బలా తగిలింది. ఆ రోజు బజార్లో చోర్ అన్న మాటకు కాదు ఆయన కుంగిపోయింది. తెలిసిన మనిషి తల ఎత్తి ఆకాశం చూసినందుకు. అదంతా ఆయన ఇన్నేళ్లూ ఎరిగే ఉన్నాడు. ఎరిగి, ఆ మనిషి ఇంట్లోనే కూర్చుని, నీళ్లు తాగుదునా అని అడిగాడు. నేనేమో మా బాపుకు పట్నం మర్యాద అలవాటైందనుకున్నాను.

బాపు గడను మోకాలికేసి విరిచాడు. ఒకేసారి విరగలేదు, అప్పటికే మోకాళ్లు నొప్పులు. రెండోసారికి విరిగింది. సగం మామకు ఇచ్చాడు. మామ రెండు చేతులతో తీసుకున్నారు. రోడ్డు పక్క కాలువ గట్టు మీద కూర్చుని ఇద్దరు ముసలివాళ్లు కట్టుడు పళ్ల మధ్య దాన్ని చీకడానికి పడ్డ అవస్థ చూసి మా పిల్లవాడు ఏడుపు మాని నవ్వాడు. సమాధానపడ్డారని నేను సంబరపడ్డాను. ఏదో తీరిపోయిందనుకున్నాను. తర్వాతి దసరాకు బాపు పట్నం వచ్చాడు. గుమ్మం బయట ఆగాడు. "బిడ్డా, చెప్పులు గీడ ఇడువచ్చునా?" అన్నాడు. లోపల మామ పేపరు కింద పడేసి లేచి వచ్చి, ఆయన చెప్పులు తనే చేత్తో తీసుకుని లోపల పెట్టారు. అయినా బాపు కుర్చీ దగ్గర నిలబడి, కూర్చోవచ్చా అన్నట్టు నా వైపు చూశాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. మా రోడ్డు మీద ఎడ్లబండ్లు లేవు, చెరుకు చాలా చోట్ల పోయి వరి వచ్చింది, మిగిలిన కాస్త చెరుకు లారీల్లో పోతుంది. లారీ వెనక పరుగెత్తి గుంజుకునే కాళ్లు ఎవరికి ఉన్నాయి? మనవరాలు తెచ్చిన ముక్కలు తిన్నాను, తియ్యగానే ఉన్నాయి. కానీ పళ్లెం దాకా పోయిన నా చెయ్యి ఒక క్షణం గాలిలో ఆగింది. బాపు పోయి ఎంత కాలమైందో నేను లెక్కపెట్టుకోను. ఆ ఆగిన క్షణంలో ఆయన ఇంకా గుమ్మం బయటే నిలబడి అడుగుతున్నాడు.